ఇచ్చిన మాటకు క్రొత్త షరతులా?

ఒకరినొకరు నమ్మలేనివారే ఒడంబడికలు వ్రాసికొందురు. నమ్మకమే యున్నచో నోటిమాట చాలును, పత్రమెందులకు? సాక్షులెందులకు? ఇన్ని వారములలో ఇది జరుగవలెను, అన్ని నెలలలో అది జరుగవలెను అను గడువులెందులకు? అట్టి పత్రముపై చేవ్రాలు చేసినవాడు తరువాత “ఎదుటివానియందు నాకు నమ్మకము చిక్కలేదు గనుక నా వంతు నేను నెరవేర్పను” అనినచో, తాను సంతకము చేసినదేమో అతడెరుగడనియైనను అనుకొనవలెను, ఎరిగియే తప్పించుకొనుచున్నాడనియైనను అనుకొనవలెను. 1998 డిసెంబరు 20వ తేదీన ఇజ్రాయేలు మంత్రివర్గము చేసిన నిర్ణయము ఈ రెండవ కోవకు చెందినదని మా వాదము.

ఎన్నడో గడచిన తగవును ఇప్పుడు త్రవ్వుటయేల యని పాఠకులడుగవచ్చును. ఆ నాటి తగవు తీరలేదు. ఆ నాటి వాదమును చావలేదు. వేషము మార్చుకొని అదియే నేడును రంగముపై నున్నది. 2025 అక్టోబరులో గాజాలో కాల్పులు నిలిపిన ఒడంబడిక కూడ మెట్లు మెట్లుగా నడువవలసినదే, ఒక మెట్టు ముగిసిన తరువాతనే మరియొకటి యని వ్రాసికొన్నదే. మెట్టు ముగిసినదో లేదో చెప్పవలసిన వారెవరను ప్రశ్నయందే శాంతి యంతయు నిలిచియున్నది. ఆ ప్రశ్నకు తప్పు సమాధానము చెప్పినచో ఏమగునో 1998 చరిత్ర విప్పి చూపుచున్నది.

మొదట జరిగినదానిని వరుసగా చెప్పుకొందము.

1993 సెప్టెంబరు 13వ తేదీన వాషింగ్టనులోని శ్వేతభవనపు పచ్చికపై ఇజ్రాయేలు ప్రభుత్వమును పాలస్తీనా విమోచన సంస్థయు సూత్రముల ప్రకటనపై సంతకములు చేసినవి. దీనినే లోకము ఓస్లో ఒడంబడిక యనుచున్నది. అంతకు నాలుగు దినములకు ముందే లేఖలు మారినవి. శాంతిభద్రతలతో జీవించుటకు ఇజ్రాయేలునకు గల హక్కును అరాఫత్ గుర్తించి, హింసామార్గమును విడిచితినని వ్రాసియిచ్చెను. విమోచన సంస్థ పాలస్తీనా ప్రజల ప్రతినిధి యని ప్రధానమంత్రి రాబిన్ అంగీకరించెను. ఇచ్చటనే ఒక సంగతి గమనింపదగియున్నది. ఒకరు రాజ్యమును గుర్తించిరి; మరియొకరు సంస్థను గుర్తించిరి. త్రాసు మొదటినుండియు సమముగా లేదు.

ఆ ఒడంబడిక ప్రకారము అయిదేండ్ల మధ్యకాలము. అది 1994 మే 4వ తేదీన కైరోలో జరిగిన గాజా, జెరికో ఒడంబడికతో మొదలై 1999 మే 4వ తేదీతో ముగియవలెను. ఆ లోపల జెరూసలేము, కాందిశీకులు, వలసగ్రామములు, సరిహద్దులు, భద్రత మొదలగు చిక్కు సమస్యలన్నియు చర్చించి తుదినిర్ణయమునకు రావలెను. 1995 సెప్టెంబరు 28వ తేదీన వచ్చిన రెండవ ఒడంబడిక జోర్డాను పశ్చిమతీరమును ‘ఎ’, ‘బి’, ‘సి’ అని మూడు భాగములుగా విభజించెను. ‘ఎ’ భాగమున పాలనయు రక్షణయు పాలస్తీనీయులవి. ‘బి’ భాగమున పాలన వారిది, రక్షణాధికారము ఇజ్రాయేలుది. ‘సి’ భాగమున సర్వాధికారములు ఇజ్రాయేలు సైన్యమువి. పాలస్తీనా మండలి ఏర్పడిన తరువాత పదునెనిమిది నెలలలో మూడు విడతలుగా సైన్యము వెనుకకు జరుగవలెను. మండలికి 1996 జనవరిలో ఎన్నికలు జరిగినవి. లెక్క ప్రకారము 1997లోనే సైన్యపు ఉపసంహరణ ముగియవలసియుండెను.

జరిగినదేమి? 1995 నవంబరు 4వ తేదీన రాబిన్‌ను ఒక యూదు యువకుడే కాల్చి చంపెను. 1996 ఫిబ్రవరి, మార్చి నెలలలో హమాస్ పంపిన ఆత్మాహుతి దళములు జెరూసలేము, టెల్ అవీవు నగరములలో బస్సులను, వీథులను రక్తసిక్తము చేసినవి. ఆ మే నెలలో జరిగిన ఎన్నికలలో నూటికి ఒక ఓటుకన్నను తక్కువ ఆధిక్యముతో పెరెస్‌ను ఓడించి నెతన్యాహు ప్రధానమంత్రి యయ్యెను. ఓస్లో ఒడంబడికను తీవ్రముగా వ్యతిరేకించిన నాయకుడాయన. అయినను పదవిలోనికి వచ్చిన తరువాత, పూర్వ ప్రభుత్వము చేసిన ఒడంబడికలకు కట్టుబడుదునని చెప్పి, దానికి ‘పరస్పరత’ యను నియమమును జోడించెను. వారిచ్చినచో పుచ్చుకొందురు; ఈయనిచో పుచ్చుకొనరు. ఇది ఆ నియమసారము.

ఈ నియమము తనంతట తాను తప్పని మేమనము. ఇచ్చిపుచ్చుకొనుట ప్రతి ఒడంబడికకును ప్రాణము. ప్రశ్న యేమనగా, ఆ నియమమును ఆ ప్రభుత్వమే పాటించెనా?

1997 జనవరిలో హెబ్రోన్ ఒడంబడిక కుదిరినప్పుడు అమెరికా రాయబారి డెన్నిస్ రాస్ ఇరుపక్షముల బాధ్యతలను రెండు పట్టికలుగా వ్రాసి జతచేసెను. పాలస్తీనీయులు తమ జాతీయ శాసనపత్రమునందు ఇజ్రాయేలునకు వ్యతిరేకముగా నున్న భాగములను తొలగించుటను పూర్తిచేయవలెను, ఉగ్రవాదులను అణచవలెను, పోలీసుల సంఖ్యను హద్దులో నుంచవలెను. ఇజ్రాయేలు మార్చి మొదటి వారములో ఉపసంహరణ మొదలిడవలెను. ఖైదీలు, విమానాశ్రయము, గాజాకును పశ్చిమతీరమునకును నడుమ రహదారి మున్నగు విషయములను తేల్చవలెను. పరస్పరత కావలెనన్న ప్రభుత్వమునకు పరస్పరత వ్రాతపూర్వకముగానే లభించినది. మార్చి వచ్చినది. ఎంత భూమినుండి వెనుకకు జరుగవలెనో ఇజ్రాయేలు మంత్రివర్గము ఎదుటి పక్షముతో మాటమాత్రమైనను సంప్రదింపక తానే నిర్ణయించుకొనెను. నూటికి తొమ్మిది వంతులని ప్రకటించెను. అందు ఏడు వంతులు అదివరకే పాలస్తీనీయుల పాలనలోనున్న ‘బి’ భూమియే. ‘సి’ భాగమునుండి క్రొత్తగా వచ్చునది రెండు వంతులు మాత్రమే. ఆ నెల 18వ తేదీననే తూర్పు జెరూసలేము పొలిమేరలోని అబూ ఘునైమ్ కొండపై, ఇజ్రాయేలీయులు హర్ హోమా యని పిలుచు తావున, 6,500 ఇండ్ల వాడకు త్రవ్వకములు ప్రారంభమైనవి. చర్చలు నిలిచిపోయినవి. మూడు దినములకు టెల్ అవీవు కాఫీశాలలో బాంబు ప్రేలి ముగ్గురు స్త్రీలు మరణించిరి. ఆ హత్యను ఏ కొండయు సమర్థింపజాలదు. కాని ఆ కొండపై త్రవ్వకములను ఆ హత్యయు సమర్థింపజాలదు. అవి ముందే ప్రారంభమైనవి.

ఒకటిన్నర సంవత్సరము ఇట్లు గడచిన తరువాత అధ్యక్షుడు క్లింటన్ ఉభయులను మేరీలాండులోని వై నదీతీరమునకు పిలిచి, తొమ్మిది దినములు కూర్చుండబెట్టి, 1998 అక్టోబరు 23వ తేదీన క్రొత్త పత్రముపై సంతకములు చేయించెను. రోగపీడితుడైన జోర్డాను రాజు హుస్సేను కూడ చికిత్సాలయమునుండి లేచివచ్చి వారికి హితము చెప్పెను. అచ్చట కుదిరిన షరతులు స్పష్టములు. పండ్రెండు వారములలో మూడు విడతలుగా ‘సి’ భాగమునుండి నూటికి పదుమూడు వంతుల భూమి పాలస్తీనీయులకు సంక్రమింపవలెను. ‘బి’నుండి నూటికి 14.2 వంతులు ‘ఎ’గా మారవలెను. 750 మంది ఖైదీలు విడుదల కావలెను. పాలస్తీనీయులు ఉగ్రవాద నిర్మూలనమునకు ప్రణాళిక వేసి అమలుజరుపవలెను, అక్రమాయుధములను సేకరింపవలెను, శాసనపత్రపు సవరణను బహిరంగ సభలో మరల ధ్రువపరుపవలెను. ఈ పనులను అమెరికా ప్రతినిధులు పరిశీలించుచుండవలెను. ఆ దేశపు గూఢచారి శాఖయే మధ్యవర్తిగా నిలుచుటకు ఒప్పుకొనెను. ఇంతటి తనిఖీ అంతకుముందు ఏ పత్రములోను లేదు.

నవంబరు 20వ తేదీన మొదటి విడత జరిగినది. 24వ తేదీన గాజా విమానాశ్రయము తెరవబడినది. డిసెంబరు 14వ తేదీన గాజాలో పాలస్తీనా జాతీయమండలి సభ్యులు మొదలగువారు సమావేశమై, అధ్యక్షుడు క్లింటన్ కన్నులయెదుట చేతులెత్తి, శాసనపత్రములోని ఆ భాగములు రద్దైనవని ధ్రువపరచిరి. ఇదే విషయమై వారు 1996 ఏప్రిలులో ఒకసారి ఓటుచేసియుండిరి. రద్దైన భాగములివి యని పేర్కొనుచు 1998 జనవరిలో అరాఫత్ లేఖ వ్రాసియుండెను. చాలదన్నందున ఇప్పుడు మూడవసారి చేసిరి.

రెండవ విడతకు గడువు డిసెంబరు 18. గడువు వచ్చినది, పోయినది. ఒక్క సైనికుడును కదలలేదు. రెండు దినములకు మంత్రివర్గము అమలును నిలుపుచు పాలస్తీనీయులు కొన్ని షరతులను తీర్చిననే ముందడుగు అనెను. 1999 మే 4న స్వతంత్రరాజ్యమును ప్రకటింతునను మాటను అరాఫత్ బహిరంగముగా విడువవలెనట. ఖైదీల ఎంపికలో ఇజ్రాయేలు చెప్పిన కొలతనే ఒప్పుకొనవలెనట. ద్వేషప్రచారము పూర్తిగా ఆగవలెనట.

ఈ వాదమును ఇక పరీక్షింతము.

మొదటిది, రాజ్యప్రకటన సంగతి. తుదినిర్ణయము కాకముందు ఏ పక్షమును ఆ భూభాగముల స్థితిని మార్చు చర్యకు పూనుకొనరాదని 1995 ఒడంబడికయందు కలదు. వై పత్రమునందును ఆ భావమే కలదు. ఏకపక్షముగా రాజ్యమును ప్రకటించుట ఈ నిబంధనకు విరుద్ధమని ఇజ్రాయేలు ప్రభుత్వమనెను. వాదమునకొరకు ఒప్పుకొందము. కాని అదే నిబంధన ఉభయపక్షములను కట్టివేయుచున్నది గదా? అయిదు నెలల తరువాత చేయుదునేమోయని ఒకడన్న మాట నిబంధనకు భంగమైనచో, నేడు కొండను త్రవ్వి, రాయి పరచి, గోడ లేపుట భంగము కాదా? వై నుండి తిరిగివచ్చిన కొలదిదినములకే విదేశాంగమంత్రి షారన్, పోయి దొరికినన్ని కొండలను ఆక్రమింపుడని వలసవాసులను బాహాటముగా ప్రోత్సహించెను. ఆ మంత్రివర్గమే పాలస్తీనీయుని నోటిమాటను నేరముగా ఎంచి, తన మంత్రి మాటను విననట్లుండెను. ఒకే వాక్యములో సగము చదివి సగము కన్ను మూసికొనువానికి ఒడంబడికను గూర్చి మాటాడు హక్కెక్కడిది?

రెండవది, ఖైదీల సంగతి. మొదటి విడతలో విడుదలచేసిన 250 మందిలో ఎక్కువమంది దొంగతనములు మున్నగు సామాన్య నేరములకు శిక్షపడినవారు. రాజకీయ కారణములచే చెరలోనున్న తమ బిడ్డలు వత్తురని ఎదురుచూచిన కుటుంబములకు ఇది పరిహాసముగా తోచినది. అల్లరులు చెలరేగినవి. ప్రభుత్వము చెప్పిన సమాధానమేమి? ఒప్పుకొన్న మాటలో 750 మంది యని సంఖ్య మాత్రమే కలదు, ఎట్టివారో లేదు, కావున అక్షరము తప్పలేదు అని. సరియే, అక్షరము తప్పలేదు. మరి ఆ అక్షరమే డిసెంబరు 18న సైన్యము వెనుకకు జరుగవలెననుచున్నది. అచ్చట మాత్రము అక్షరము చాలదు, ఆత్మ కావలెనట! ద్వేషప్రచారము సంపూర్ణముగా ఆగవలెనట, మనస్సులు మారవలెనట! లాభమున్నచోట అక్షరమును, నష్టమున్నచోట ఆత్మను పట్టుకొనువాడు ఏ ఒడంబడికకును నిలువడు.

మూడవది, తీర్పరి సంగతి. ఎదుటి పక్షము మాట తప్పినదో లేదో తేల్చుటకు వై పత్రమున అమెరికా తనిఖీ ఏర్పాటుచేయబడియే యున్నది. ఆ ఏర్పాటు సరిగా పనిచేయలేదన్నచో దానిని సరిచేయుమని పట్టుబట్టవచ్చును. ఇజ్రాయేలు ప్రభుత్వము అట్లు చేయలేదు. తానే వాదియై, తానే తీర్పరియై, తానే అమీనాయై జప్తుకు బయలుదేరెను. ఏ గ్రామములోనైనను, ఏ న్యాయస్థానములోనైనను ఇట్టి తగవును పెద్దలంగీకరింతురా?

నాలుగవది కాలము. అన్నింటికన్న ముఖ్యమైనది ఇదియే. వాటాలు తేలని పొలమును తలంచుకొనుడు. ఇద్దరు దాయాదులు పంపకపు పత్రము వ్రాసికొనిరి. పొలము ఒకని స్వాధీనములో నున్నది. రెండవవాడు కొన్ని పూచీలు సరిగా తీర్చలేదని మొదటివాడు పంపకమును ఆపెను. ఆపినవాడు ఊరకున్నాడా? ఆ పొలములోనే నూయి త్రవ్వెను, గోడ కట్టెను, కొడుకులకు ఇండ్లు వేసెను. ప్రతి సంవత్సరమును “పంపకమునకు నేను సిద్ధమే, వాడింకను మారలేదు” అనుచున్నాడు. వాడు ఎన్నటికి మారినను పంచుటకు ఆ నాటికి పొలముండదు! 1993లో పశ్చిమతీరమున, తూర్పు జెరూసలేమును మినహాయించి, వలసవాసులు సుమారు 1 లక్ష 10 వేలమంది. నేడు 5 లక్షలు దాటిరి. ఆలస్యము ఒక పక్షమునకు పెట్టుబడియై, మరియొక పక్షమునకు తరుగై పోవుచున్నప్పుడు, గడియారము ఆ మొదటి పక్షము చేతిలో నుండరాదు.

దీనికి ఇజ్రాయేలు పక్షమున చెప్పు సమాధానము ఒకటి కలదు. దానిని తేలికగా త్రోసివేయుట అన్యాయము. యూదుజాతి ఐరోపాలో అరువది లక్షలమందిని కోల్పోయిన జాతి. బస్సెక్కిన బిడ్డ ఇంటికి వచ్చునో రాదోయని తల్లులు వణకిన దినములు వారెరిగినవే. “మేమిచ్చిన భూమి మాపై బాంబులు వేయుటకు స్థావరమైనచో?” అని వారడుగుట సహజము. పాలస్తీనా నాయకత్వము ఈ భయమును తొలగించుటకు బదులు పలుమార్లు పెంచినది. ఒడంబడిక పెట్టిన హద్దును మించి పోలీసులను చేర్చుకొనెను. అక్రమాయుధముల సేకరణలో అలసత్వము చూపెను. ఆంగ్లమున ఒక మాట, అరబ్బీలో ఒక మాట చెప్పెను. వచ్చిన సహాయధనమును అనుయాయుల పాలుచేసెను. 2006 తరువాత పాలస్తీనా శాసనసభకు ఎన్నికలే జరుగలేదు. తన ప్రజలకే లెక్కచెప్పని నాయకత్వము పొరుగువానికేమి లెక్కచెప్పునని ఎవరైనను అడిగినచో మా కడ సమాధానము లేదు.

అయినను ఇన్ని దోషములకు విరుగుడు ఉపసంహరణను ఆపుటయా? బాంబు వేసిన హమాస్ కోరినదేమి? ఒడంబడిక చెడవలెననియే గదా? బాంబు పడిన ప్రతిసారియు ఒడంబడికను ఆపినచో, ప్రభుత్వము చేతనున్న పగ్గమును ఆ బాంబు వేసినవాని చేతికే ఇచ్చినట్లగును. రాబిన్ ఈ సత్యమునెరిగినవాడు. ఉగ్రవాదము లేనట్లుగా శాంతిని సాగింతును, శాంతియత్నము లేనట్లుగా ఉగ్రవాదముతో పోరాడుదును అనునది ఆయన మార్గము. 1994 ఫిబ్రవరిలో హెబ్రోనులోని ఇబ్రహీము మసీదులో ప్రార్థించుచున్న 29 మంది ముసల్మానులను ఒక వలసవాసి కాల్చి చంపినప్పుడు, ఆ నేరము ఇజ్రాయేలు ప్రజలందరిదియని తలంచి పాలస్తీనీయులు తమ బాధ్యతలనుండి విముక్తులైరని ఎవరును అనలేదు, అనరాదు కూడ. ఇచ్చట చెల్లిన న్యాయము అచ్చట చెల్లకపోవుటేల?

అసలు రహస్యము భద్రతలో లేదు, మంత్రివర్గపు అంకగణితములో నున్నది. నవంబరు 17న ఇజ్రాయేలు శాసనసభ క్నెస్సెట్ వై పత్రమును 75 ఓట్లతో ఆమోదించెను. వ్యతిరేకించినవారు 19 మంది మాత్రమే. ప్రతిపక్షమే దానికి అండ. ప్రజాప్రతినిధులు ఇంతమంది సరేయన్నను, ప్రధాని స్వపక్షమువారును మిత్రపక్షములవారును అడుగడుగున అడ్డము తిరిగిరి. వారిని నిలుపుకొనుటకై ఒడంబడికను ఆపిరి. ఆపియు ఫలము లేకపోయినది. నిర్ణయము జరిగిన మరునాడే, డిసెంబరు 21న, శాసనసభ తన్ను తాను రద్దుచేసికొనుటకు ఓటుచేసెను. 1999 మే 17న నెతన్యాహు ఓడిపోయెను. భూమి నిచ్చెనని ఒకరును, మాట తప్పెనని మరియొకరును విడువగా రెంటికి చెడిన రేవడి యయ్యెను.

ఇది ఒక వ్యక్తి దోషము మాత్రమే యనుకొనుట పొరపాటు. తరువాత వచ్చిన బారక్ 1999 సెప్టెంబరు 4న షర్మ్ ఎల్ షేక్‌లో మరియొక పత్రముపై సంతకము చేసి, మిగిలిన విడతలను 2000 మార్చి నాటికి పూర్తిచేసెను. అప్పటికి ‘ఎ’ భాగము నూటికి 18 వంతులు, ‘బి’ 22 వంతులు, ‘సి’ 60 వంతులు. మూడవ ఉపసంహరణ మాత్రము జరుగనేలేదు. తుదినిర్ణయముతో కలిపి చూచుకొందమనిరి. 2000 జూలైలో క్యాంప్ డేవిడ్ చర్చలు విఫలమైనవి. సెప్టెంబరు చివర తిరుగుబాటు మొదలై వేలకొలది ప్రాణములను బలిగొనినది. క్లింటన్ కనులార చూచిన గాజా విమానాశ్రయపు బాటను 2001-02లో ఇజ్రాయేలు సైన్యము త్రవ్వి పాడుచేసెను. అయిదేండ్లకని గీచిన ‘సి’ భాగపు గీత ముప్పదియేండ్లు దాటినను చెక్కుచెదరలేదు. ‘మధ్యకాలము’ అను పేరుతో ఒక తరము పుట్టి పెరిగినది.

క్రొత్త షరతుల విద్యయును ఆ తరముతోపాటు పెరిగినది. 2003 ఏప్రిలులో అమెరికా, రష్యా, ఐరోపా సమాఖ్య, ఐక్యరాజ్యసమితి కలసి శాంతికి బాటయని ఒక పథకము నిచ్చినవి. వలసగ్రామములను స్తంభింపజేయుట అందలి మొదటి మెట్టులోని బాధ్యత. ఇజ్రాయేలు మంత్రివర్గము మే 25న దానిని అంగీకరించెను. అంగీకారముతోపాటు 14 అభ్యంతరములను జతచేసెను. 1994 పారిస్ ఒడంబడిక ప్రకారము పాలస్తీనీయుల దిగుమతి సుంకములను ఇజ్రాయేలు వసూలుచేసి, నూటికి మూడు వంతులు తన ఖర్చులకు తీసికొని, మిగిలినది నెలనెలా చెల్లింపవలెను. అది పాలస్తీనీయుల సొంత సొమ్ము. అయినను 1997లో, 2000 తరువాత, 2006లో, మరల మరల ఆ సొమ్మును బిగబట్టుట జరిగినది. ఉపాధ్యాయుని జీతము, వైద్యుని జీతము ఆ సొమ్ములోనివే. కుండలో కూడు కుండలోనే ఉండవలెను, పిల్లవాడు మాత్రము దుడ్డువలె పెరుగవలెనన్నట్లు, పాలస్తీనా ప్రభుత్వము బలపడవలెను, పోలీసులు సమర్థులు కావలెను, వారికి జీతములు మాత్రము అందరాదు!

నేటి సంగతికి వత్తము. 2023 అక్టోబరు 7న హమాస్ దక్షిణ ఇజ్రాయేలుపై బడి సుమారు 1,200 మందిని చంపి, 251 మందిని చెరగొనిపోయినది. అది ఘోరపాతకము. దాని తరువాత గాజాపై సాగిన యుద్ధములో మరణించినవారి సంఖ్య 60 వేలు దాటినదని అచ్చటి ఆరోగ్యశాఖ చెప్పుచున్నది. 2024 జూలై 18న క్నెస్సెట్ పాలస్తీనా రాజ్యస్థాపనను తిరస్కరించుచు 68 ఓట్లతో తీర్మానించెను. మరునాడే అంతర్జాతీయ న్యాయస్థానము ఆక్రమిత భూభాగములలో ఇజ్రాయేలు కొనసాగుట న్యాయవిరుద్ధమని అభిప్రాయము చెప్పెను. 2025 ఆగస్టులో జెరూసలేమునకు తూర్పున ఇ-1 అను ప్రదేశములో 3,400 పైచిలుకు ఇండ్లకు అనుమతి లభించినది. పశ్చిమతీరమును ఉత్తర దక్షిణములుగా చీల్చు తావది.

తరువాత కాల్పుల విరమణ వచ్చినది. అధ్యక్షుడు ట్రంప్ ప్రకటించిన ఇరువది అంశముల పథకమును 2025 నవంబరు 17న భద్రతాసమితి ఆమోదించెను. ఇజ్రాయేలు సైన్యము గాజానుండి వెనుకకు జరుగుట ఆయుధవిసర్జనతో ముడిపడియున్నది. పాలస్తీనా ప్రభుత్వము సంస్కరణలను చిత్తశుద్ధితో పూర్తిచేసినప్పుడు స్వయంనిర్ణయమునకును రాజ్యమునకును మార్గమేర్పడవచ్చునని అందు కలదు. ఎప్పటికి? తేదీ లేదు. సంస్కరణ పూర్తియైనదని ఎవరు చెప్పవలెను? స్పష్టత లేదు. వై పత్రమున తేదీలైన నుండెను. తేదీలున్న పత్రమే అట్లు చెడినచో, తేదీలు లేని పత్రమును గూర్చి ఎంత జాగరూకత కావలెనో పాఠకులే యూహింతురుగాక.

ఈ విషయమున భారతీయులకు మాటాడు అర్హత లేకపోలేదు. భారతప్రభుత్వము 1988లో పాలస్తీనా రాజ్యమును గుర్తించెను. 1992లో ఇజ్రాయేలుతో పూర్తి దౌత్యసంబంధములు నెలకొల్పుకొనెను. 2025 సెప్టెంబరు 12న ఐక్యరాజ్యసమితి మహాసభలో రెండు రాజ్యముల పరిష్కారమును సమర్థించు తీర్మానమునకు ఓటుచేసిన 142 దేశములలో మన దేశమొకటి. ఓటు మంచిదే. కాని ఇరువురితోను స్నేహమున్నవాడు ఇరువురికి ప్రియమైన మాటలు పలికి ఊరకుండినచో స్నేహధర్మము తీరదు. ఇజ్రాయేలుతో వ్యాపారమును, ఆయుధముల కొనుగోలును సాగించుచున్న ప్రభుత్వము, గడువులను గూర్చియు, వలసగ్రామములను గూర్చియు ఆ మిత్రునితో సూటిగా మాటాడవలసియున్నది. పాలస్తీనా నాయకులతోను ఎన్నికలను గూర్చి అంత సూటిగానే మాటాడవలెను.

మేము కోరునది పెద్దది కాదు. పత్రములో లేని షరతును సంతకమైన తరువాత ఏ పక్షమును చేర్పరాదు. మాట తప్పినది ఎవరో తేల్చుట తప్పనివాడని తన్ను తాను చెప్పుకొనువాని పని కాక, ఉభయులు ఒప్పుకొన్న మధ్యవర్తి పని కావలెను. తీర్పు వచ్చువరకు తగవులోనున్న భూమిపై ఒక్క ఇటుకయు లేవరాదు, ఒక్క తుపాకియు ప్రేలరాదు. ఈ మూడింటిని అంగీకరింపని ప్రభుత్వము భద్రతను గూర్చి ఎంత మాటాడినను, అది కోరునది భద్రత కాదు, భూమి యని లోకము అనుకొనక తప్పదు. ఈ మూడింటిని అంగీకరింపని పాలస్తీనా పక్షము స్వాతంత్ర్యమును గూర్చి ఎంత మాటాడినను, అది కోరునది పగ యని లోకము అనుకొనక తప్పదు.

అయితే భూమి ఎవరి స్వాధీనములో నున్నదో, సైన్యము ఎవరిదో, సుంకపు పెట్టె తాళము ఎవరి చేతనున్నదో, మొదటి అడుగు వేయవలసిన భారము వారిపై నున్నది. 1998 డిసెంబరు 18న వేయవలసియుండి వేయని అడుగది. ఇంకను వేయబడలేదు.